రాన్సమ్‌వేర్‌కి ఏ యాంటీవైరస్? కొనేముందు మీ ఆఫీసులోనే పరీక్షించి చూసుకునే పద్ధతి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి "రాన్సమ్‌వేర్‌కి ఏ యాంటీవైరస్ మంచిది?" అని అడగండి. ఏ డబ్బా తీసి చూపించినా దాని మీద రాన్సమ్‌వేర్ రక్షణ అని రాసే ఉంటుంది. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తెరవలేని రహస్య లిపిగా మార్చి, విడిపించడానికి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రాం. డబ్బా మీది మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు పనులున్నాయి. ఒక కంపెనీ ఒకటి గట్టిగా చేస్తుంది, ఇంకో కంపెనీ ఇంకోటి. మీకు కావలసింది ఏదో తెలియకుండా కొంటే, డబ్బులు కట్టినా టాలీలోని లెక్కల డేటా పోయే అవకాశం అలాగే ఉంటుంది.

మామూలు వైరస్‌ని గంట ఆలస్యంగా పట్టుకున్నా చాలాసార్లు పెద్ద నష్టం ఉండదు, తుడిచేస్తే పోతుంది. రాన్సమ్‌వేర్ సంగతి అది కాదు. 2022లో స్ప్లంక్ సంస్థ పది రకాల రాన్సమ్‌వేర్‌కి ఒకే ఫైళ్ల గుట్ట ఇచ్చి వేగం కొలిచింది. గుట్టలో దాదాపు 98,500 ఫైళ్లు, 53 జీబీ. వాటిలో లాక్‌బిట్ అనే రకం దాన్ని 5 నిమిషాల 50 సెకన్లలో ముగించింది. మధ్యస్థ సమయం 43 నిమిషాలు. మన వీధి ఆఫీసుల్లో ఒక్కో కంప్యూటర్లో అన్ని ఫైళ్లు ఉండవు కూడా. వైరస్ దొరికింది అని తెర మీద ఎర్ర డబ్బా వచ్చేసరికి ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయిపోయి ఉంటే, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే.

అందుకని ఎంత శాతం వైరస్‌లు పడుతుంది అనే ఒక్క అంకె చూసి ఎంచుకోవద్దు. మూడు అంకెలు కావాలి: ఆపేలోపు ఎన్ని ఫైళ్లు మారాయి, వాటిలో ఎన్ని తిరిగొచ్చాయి, మన సొంత పనిని ఎన్నిసార్లు అడ్డుకుంది. ఈ మూడూ మీరే కొలవవచ్చు. ఒక మంచి కంప్యూటరు, ఒక శని ఆదివారాలు చాలు.

డబ్బా లోపల ఏముంటుంది

మొదటి కాపలా ప్రోగ్రాం మొదలవకముందే గుర్తుపట్టడం. ఇదివరకే తెలిసిన వైరస్‌ల సంతకాల, అంటే గుర్తింపు ఆనవాళ్ల జాబితా, దానికి తోడు కంపెనీ సర్వర్‌ని అడిగి ఈ ఫైలు మంచిదా చెడ్డదా అని తేల్చుకోవడం. అందరి దగ్గరా ఉండేదే, ఎక్కువ సందర్భాల్లో పని జరిగేదీ ఇక్కడే. బలహీనత ఇంటర్నెట్. క్లౌడ్ మీదే, అంటే ఆ కంపెనీ సర్వర్ల మీదే ఎక్కువ ఆధారపడే యాంటీవైరస్ నెట్ లేనప్పుడు చాలా మందగిస్తుంది. వానాకాలంలో కరెంటు పోయి రౌటర్ ఆరిపోతుంది, కంప్యూటర్ మాత్రం యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటుంది. ఆ అరగంటలో ఎవరో పెన్‌డ్రైవ్ పెడతారు.

రెండోది ప్రవర్తన చూసి పట్టడం. ఒకే ప్రోగ్రాం వరసగా వందల ఫైళ్లు తెరవడం, లోపలి సమాచారం ఒక్కసారిగా అర్థంపర్థం లేని అక్షరాల ముద్దగా మారడం, ఫైలు పేర్ల చివర కొత్త ఎక్స్‌టెన్షన్ చేరడం, విండోస్ దాచుకున్న షాడో కాపీలను (పాత నకళ్లను) వీఎస్‌ఎస్‌అడ్మిన్ అనే కమాండ్‌తో తుడిచేయడం, ఇవన్నీ అది చూసే గుర్తులు. కొన్ని కంపెనీలు డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లలో ఎర ఫైళ్లు దాచిపెడతాయి, వాటిని ఎవరు ముట్టుకున్నా పట్టేస్తాయి. ఇది కొత్త రాన్సమ్‌వేర్‌ని కూడా ఆపగలదు. కానీ గుర్తులు కనబడాలంటే కొన్ని ఫైళ్లు మారి తీరాలి. ఆ కొన్ని ఎన్ని అన్నదే తేడా.

మూడోది ఫోల్డర్‌కే తాళం వేయడం. నమ్మకమైన ప్రోగ్రాంలు తప్ప ఇంకేదీ ఆ ఫోల్డర్లో రాయలేదు. విండోస్‌లోనే ఉచితంగా ఉన్న కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఈ రకం. 2017 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది. ఈనాటికీ చాలామంది దాన్ని ఆన్ చేయలేదు, ఎందుకంటే అది ఆఫ్‌లోనే వస్తుంది.

నాలుగోది పోయిన ఫైళ్లను తిరిగి ఇవ్వడం. ప్రోగ్రాం అనుమానంగా కనిపించగానే అసలు ఫైలు నకలు పక్కన పెట్టుకుని, దొంగ అని తేలాక వెనక్కి పెడతాయి. బిట్‌డిఫెండర్, కాస్పర్‌స్కీ, అక్రోనిస్ సొంతంగా నకళ్లు దాస్తాయి. సెంటినెల్‌వన్ విండోస్ షాడో కాపీలనే కాపాడి వాడుకుంటుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు రెండు: ఎంత పెద్ద ఫైలు వరకు నకలు తీస్తుంది? ఏ ఎక్స్‌టెన్షన్లకు తీస్తుంది? వర్డ్, ఎక్సెల్, ఫొటోలు ఎక్కడైనా ఉంటాయి. టాలీ కంపెనీ ఫోల్డర్లో ఉండే పాయింట్ 900, పాయింట్ 1800 ఫైళ్లు, పేజ్‌మేకర్ వాడే డీటీపీ షాపుల పాయింట్ పీఎండీ ఫైళ్లు ఆ జాబితాలో ఉన్నాయో లేదో అమ్మేవాళ్లకు కూడా తెలియదు. పరీక్షించి చూడాల్సిందే.

ఇవి కాక ఐదోది ఒకటుంది, చిన్న ఆఫీసులను ఎక్కువగా ముంచేది అదే. నెట్‌వర్క్‌లో యాంటీవైరస్ లేని ఒక కంప్యూటర్లో రాన్సమ్‌వేర్ నడుస్తూ, సర్వర్లోని షేర్డ్ ఫోల్డర్‌ని దూరం నుంచే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. సర్వర్ మీద యాంటీవైరస్ ఉంది, కానీ సర్వర్లో దొంగ ప్రోగ్రాం ఏదీ నడవడం లేదు. దాని కంటికి అదంతా ఎవరో స్టాఫ్ ఫైళ్లు సేవ్ చేస్తున్నట్టే ఉంటుంది. సోఫోస్ క్రిప్టోగార్డ్, బిట్‌డిఫెండర్ గ్రావిటీజోన్‌లోని రాన్సమ్‌వేర్ మిటిగేషన్, కాస్పర్‌స్కీ వ్యాపార వెర్షన్లు దీన్ని గమనించి ఆ కంప్యూటర్ కనెక్షన్ కోసేయగలవు. కొన్నిట్లో ఇది పాలసీ సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేయాల్సి ఉంటుంది, కొన్నాం కదా అని వదిలేస్తే ఆఫ్‌లోనే ఉండిపోతుంది.

ల్యాబ్ రిపోర్టులు చదివే తీరు

మాగ్డెబర్గ్‌లోని ఏవీ-టెస్ట్, ఇన్స్‌బ్రుక్‌లోని ఏవీ-కంపారిటివ్స్, లండన్‌లోని ఎస్ఈ ల్యాబ్స్ నమ్మదగినవి. నిజమైన రాన్సమ్‌వేర్‌తో పరీక్షించే పని వాళ్లకే వదిలేయండి, దానికి వేరే నెట్‌వర్క్ కావాలి, అనుభవం కావాలి.

అయితే పేజీ మొదట్లో కనిపించే స్టార్లు చూసి మూసేయకండి. ఏవీ-టెస్ట్ రక్షణకు 6, వేగానికి 6, వాడకంలో ఇబ్బంది లేకపోవడానికి 6, మొత్తం 18 మార్కులు ఇస్తుంది. 17.5 వచ్చినవి డజను ఉంటాయి, వాటి మధ్య తేడా ఆ అంకెలో కనబడదు. రాన్సమ్‌వేర్ మీద వాళ్లు విడిగా చేసే అడ్వాన్స్‌డ్ థ్రెట్ ప్రొటెక్షన్ పరీక్ష చదవండి. దాడిని ఏ మెట్టు దగ్గర ఆపిందో అందులో ఒక్కో ఉత్పత్తికి విడివిడిగా ఉంటుంది. మొదటి మెట్టులో ఆపడం వేరు, సగం ఫైళ్లు పోయాక ఆపడం వేరు.

ఏవీ-కంపారిటివ్స్ మాల్‌వేర్ ప్రొటెక్షన్ టెస్ట్‌లో నెట్ లేనప్పుడు ఎంత పట్టింది, ఉన్నప్పుడు ఎంత పట్టింది అని రెండు వరసలు వేరుగా ఇస్తారు. ఆ రెండింటి మధ్య ఎక్కువ దూరం ఉన్న ఉత్పత్తి నెట్ సరిగా లేని చోట వద్దు. అదే సంస్థ వ్యాపార ఉత్పత్తుల పరీక్షలో ఒక పట్టిక చాలా ముఖ్యం: కంపెనీలు డిఫాల్ట్ సెట్టింగులు ఏవేవి మార్చి పరీక్షకు ఇచ్చాయో అందులో రాస్తారు. మీ దగ్గర ఆ సెట్టింగులు లేకపోతే ఆ మార్కులు మీవి కావు. ఇంకో జాగ్రత్త: అమ్మకపు కరపత్రంలో ఏ సంవత్సరం, ఏ నెల రిపోర్ట్ వేశారో చూడండి. రెండేళ్ల కిందటి అవార్డు ఇవాళ్టి వెర్షన్ గురించి ఏమీ చెప్పదు.

మీ దగ్గర పరీక్ష

ముందే ఒక మాట గట్టిగా: నిజమైన రాన్సమ్‌వేర్ ఫైలు డౌన్‌లోడ్ చేసి ఆఫీసు కంప్యూటర్లో ప్రయత్నించకండి. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే మరో ఉత్తుత్తి కంప్యూటర్‌లో) అయినా వద్దు. షేర్డ్ ఫోల్డర్ ఒక్కటి ఆన్‌లో మర్చిపోతే బయటికొస్తుంది.

మన పరీక్షకు వర్చువల్ మెషీన్లు కావాలి. వాటిని తయారుచేయడానికి విండోస్ 11 ప్రో ఉంటే హైపర్-వి, హోమ్ ఉంటే వర్చువల్‌బాక్స్. రెండు మెషీన్లు చేయండి, ఒక్కోదానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్. అంటే అసలు కంప్యూటర్లో 16 జీబీ ర్యామ్ ఉండాలి. విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ పరీక్ష వెర్షన్ 90 రోజులు ఉచితం. నెట్‌వర్క్‌ని వర్చువల్‌బాక్స్‌లో ఇంటర్నల్‌లో, హైపర్-విలో ప్రైవేట్‌లో పెట్టండి, యాంటీవైరస్ అప్‌డేట్లకు మాత్రం కాసేపు బయటికి తెరిచి మళ్లీ మూయండి. క్లిప్‌బోర్డ్, షేర్డ్ ఫోల్డర్లు ఆఫ్. అన్నీ సిద్ధమయ్యాక స్నాప్‌షాట్ తీయండి, అంటే మెషీన్ అప్పటి స్థితిని ఉన్నదున్నట్టు భద్రపరచండి. ఒక్కో యాంటీవైరస్‌ని పరీక్షించాక ఆ స్నాప్‌షాట్‌కే వెనక్కి వెళ్లాలి. ఒకటి తీసేసి ఇంకోటి వేస్తే పాతదాని అవశేషాల వల్ల ఫలితాలు కలిసిపోతాయి.

పరీక్ష ఫైళ్లు 2,000 వరకు పెట్టండి. ఎక్సెల్, వర్డ్, పీడీఎఫ్, ఫొటోలు, టాలీ కంపెనీ ఫోల్డర్ నకలు ఒకటి, రెండు మూడు పీఎండీ ఫైళ్లు, 2 జీబీ పెద్ద ఫైలు ఒకటి. సగం డాక్యుమెంట్స్‌లో, సగం డి డ్రైవ్‌లో. ఇలా పంచడానికి కారణముంది. ఎర ఫైళ్లు, ఫోల్డర్ తాళాలు డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ చుట్టూనే ఉంటాయి. మన జనం డేటా మాత్రం డి డ్రైవ్‌లో పెడతారు, టాలీ ప్రైమ్ డేటా సాధారణంగా యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్లో కూర్చుంటుంది. ఒక చోట మాత్రమే పరీక్షిస్తే ఫలితం మిమ్మల్ని మోసం చేస్తుంది. ఫైళ్లు పెట్టాక పవర్‌షెల్‌లో (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే చోట) గెట్-ఫైల్‌హ్యాష్‌తో అన్నిటి షా-256 విలువలు, అంటే ఫైళ్ల వేలిముద్రల లాంటివి, ఒక ఫైల్లోకి తీసి బయట దాచండి. ఏ ఫైలు మారిందో, ఏది పూర్తిగా తిరిగొచ్చిందో తేల్చేది అదే. తెరిచి చూస్తే బాగానే ఉన్నట్టు కనబడి లోపల పాడైన ఫైళ్లు ఉంటాయి.

ఐకార్ అనే 68 అక్షరాల పరీక్ష ఫైలు ఒకటి అందరూ వాడతారు. అది యాంటీవైరస్ మెలకువగా ఉందో లేదో చెబుతుంది, అంతకు మించి రాన్సమ్‌వేర్ గురించి ఒక్క ముక్క చెప్పదు. నోబీఫోర్ అనే కంపెనీ వాళ్ల రాన్‌సిమ్ ప్రోగ్రాం ఉచితం, రకరకాల ఎన్‌క్రిప్షన్ పద్ధతులను అనుకరిస్తుంది. కానీ అది తాను తయారుచేసుకున్న ఫైళ్ల మీదే పనిచేస్తుంది. కొన్ని యాంటీవైరస్‌లు ఆ ప్రోగ్రాం పేరునే గుర్తుపట్టి మొదట్లోనే ఆపేస్తాయి. ఆ మార్కు చూసి ప్రవర్తన కాపలా బాగుందని అనుకోకూడదు.

అందుకే సొంత పరీక్ష కావాలి. ఫైళ్లను కుదించే 7-జిప్‌తో ఒక చిన్న స్క్రిప్ట్: ఫోల్డర్లోని ఒక్కో ఫైలును పాస్‌వర్డ్ ఉన్న ఆర్కైవ్‌గా మార్చి, అసలు ఫైలు తీసేయాలి. వర్చువల్ మెషీన్లోని నకళ్ల మీద మాత్రమే. స్టాప్‌వాచ్ నొక్కి నడపండి. నోట్‌బుక్‌లో ఒక వరస ఇలా ఉండాలి, ఉదాహరణకు: "ఆపిన సమయం 9 సెకన్లు, మారినవి 41, తిరిగొచ్చినవి 38, రానివి 3, మూడూ పాయింట్ 900." ఆ చివరి మూడు మాటలే కొనాలా వద్దా తేలుస్తాయి. 41కి 38 బాగానే ఉంది అనిపిస్తుంది, కానీ టాలీలో ట్రాన్సాక్షన్ల ఫైలు ఒక్కటి పోయినా ఆ కంపెనీ తెరుచుకోదు.

7-జిప్ అందరూ వాడే ప్రోగ్రాం కాబట్టి కొన్ని యాంటీవైరస్‌లు కావాలనే ఊరుకుంటాయి. అది పూర్తి వైఫల్యం కాదు. ఆపేస్తే మాత్రం మీరు రోజూ రాత్రి జిప్ చేసి తీసుకునే బ్యాకప్‌నీ ఆపుతుందా అని వెంటనే చూడండి. అదే పనిని 7-జిప్ లేకుండా పవర్‌షెల్ స్క్రిప్ట్‌తో చేయించి మళ్లీ కొలవండి, ఈసారి ఊరుకుంటే అనుమానించాల్సిందే. ఆ తర్వాత నెట్ తీసేసి ఇంకోసారి. ఆ పైన రెండో మెషీన్ నుంచి, అందులో ఏ యాంటీవైరస్ లేకుండా, మొదటిదాని షేర్డ్ ఫోల్డర్ మీద ఇదే స్క్రిప్ట్ నడపండి. చాలా ఉత్పత్తులు కిమ్మనకుండా కూర్చునేది ఈ పరీక్షలోనే.

ఇంకొక్కటి మిగిలింది. అడ్మిన్ లాగిన్‌లోకి వెళ్లి యాంటీవైరస్‌ని ఆఫ్ చేయండి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పాస్‌వర్డ్ అడిగిందా? ఇంటి నుంచి టాలీ చూసుకోవడానికి రౌటర్లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్ తెరిచిన ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. దాడి చేసేవాడు పాస్‌వర్డ్ ఊహించి రిమోట్ డెస్క్‌టాప్‌లో అడ్మిన్‌గా దిగుతాడు, మొదట యాంటీవైరస్‌ని తీసేస్తాడు, తర్వాత నింపాదిగా పని మొదలుపెడతాడు. అన్‌ఇన్‌స్టాల్ పాస్‌వర్డ్ పెట్టే వీలు లేని ఉత్పత్తి, మిగతా పరీక్షలన్నిట్లో నెగ్గినా, ఆఫీసుకి పనికిరాదు. ఆ పోర్ట్ కూడా మూసి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టండి.

విండోస్ డిఫెండర్ చాలదా?

విండోస్‌తో ఉచితంగా వచ్చే ఈ యాంటీవైరస్ చాలామందికి చాలు, సరిగ్గా పెట్టుకుంటే. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసి, డి డ్రైవ్ డేటా ఫోల్డర్‌ని, టాలీ డేటా ఫోల్డర్‌ని మీరే జతచేయండి. డిఫెండర్ సెట్టింగులను ఇంకే ప్రోగ్రాం మార్చకుండా కాపాడే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పనిచేస్తోందా అని తేల్చుకోవడం తేలిక: పవర్‌షెల్ నుంచి డాక్యుమెంట్స్‌లో ఒక టెక్స్ట్ ఫైలు రాయించండి. స్క్రిప్ట్ ఇంజిన్లను అది నమ్మదు కాబట్టి రాయనివ్వకూడదు. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ డిఫెండర్ ఆపరేషనల్ లాగ్ తెరిస్తే 1123 అనే నంబరుతో ఎంట్రీ కనబడుతుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే మన రోజువారీ పనిలో. టీడీఎస్ రిటర్న్‌లు చేసే ఆర్‌పీయూ జావా మీద నడుస్తుంది, డాక్యుమెంట్స్‌లో ఫైలు సేవ్ చేయబోతే ఆగిపోవచ్చు. దానికోసం జావాకే అనుమతి ఇస్తే ఏ జావా ప్రోగ్రాంకైనా తలుపు తెరిచినట్టే. దానికి బదులు తాళం లేని వేరే ఫోల్డర్ ఒకటి పెట్టి, ఆ యుటిలిటీ ఫైళ్లు అక్కడ సేవ్ చేయించండి. మొదటి రెండు వారాలు ఆడిట్ మోడ్‌లో నడపండి. అప్పుడు ఏదీ ఆగదు, ఆపి ఉండేవి 1124 నంబరుతో రాసిపెడుతుంది. ఆ రెండు వారాల్లో ఒక జీఎస్టీ గడువు తేదీ పడేలా చూసుకోండి, ఆఫీసులో అన్ని ప్రోగ్రాంలూ నడిచేది అప్పుడే.

వేరే యాంటీవైరస్ వేయగానే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, ఈ ఫోల్డర్ తాళం కూడా దాంతోపాటే పోతుంది. ఆ సంగతి తెలియక రెండూ ఉన్నాయనే ధైర్యంతో ఉండేవాళ్లు చాలామంది.

ఎవరికి ఏది

ఇంట్లో ఒక ల్యాప్‌టాప్, ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు ఉంటే డిఫెండర్, ఫోల్డర్ తాళం, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్. డబ్బు యాంటీవైరస్ మీద కాక డిస్క్ మీద పెట్టండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఇంకా అదే నడుపుతుంటే ముందు ఆ సంగతి చూడండి.

హిమాయత్‌నగర్‌లోనో అమీర్‌పేట్‌లోనో అయిదు నుంచి పాతిక కంప్యూటర్ల సీఏ ఆఫీసు, ట్రేడింగ్ ఆఫీసు అయితే ఇంటి వెర్షన్ కీలు అయిదు కొని వేయకండి. ఏ కంప్యూటర్లో అప్‌డేట్ ఆగిపోయిందో ఎవరూ చూడరు. ఒకే తెర మీద అన్నీ కనబడే వ్యాపార వెర్షన్ తీసుకోండి. ఎంపికలో రెండు పరీక్షలకే సగం బరువు ఇవ్వండి: షేర్డ్ ఫోల్డర్ మీద దూరపు దాడి, అన్‌ఇన్‌స్టాల్ పాస్‌వర్డ్. పుణెకి చెందిన క్విక్ హీల్ వాళ్ల సెక్రైట్, చెన్నైకి చెందిన కే7 కూడా ఈ వరసలో పెట్టి చూడండి, మన దేశపు కంపెనీలు కాబట్టి మనిషి వచ్చి చూసే అవకాశం ఎక్కువ. మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర రాతలో అడగండి.

ఛత్తా బజార్ శుభలేఖల ప్రెస్సులు, చిక్కడపల్లి డీటీపీ షాపుల పరిస్థితి వేరు. పాత విండోస్, పాత పేజ్‌మేకర్, ఎక్కడినుంచో తెచ్చిన క్రాక్ చేసిన ఫొటోషాప్. క్రాక్ వేసేటప్పుడు యాంటీవైరస్ అరుస్తుంది, అందుకని ఆఫ్ చేస్తారు. స్టాప్ డీజేవీయూ అనే రకం రాన్సమ్‌వేర్ సరిగ్గా ఆ దారినే వస్తుంది. ఏ కంపెనీది కొన్నా ఆఫ్ చేసిన యాంటీవైరస్ ఏమీ చేయలేదు. ఆ పాత యంత్రానికి నెట్ తీసేసి, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, మెయిళ్లు వేరే కొత్త కంప్యూటర్లో తెరిచి, స్కాన్ అయ్యాకే ఫైళ్లు అందించాలి. ఒక మాట ఉపయోగపడవచ్చు: డీజేవీయూ ఒక్కో ఫైల్లో మొదటి 150 కేబీ మాత్రమే పాడుచేస్తుంది, కాబట్టి పెద్ద వీడియోల వంటివి కొంతవరకు నిపుణులు బాగుచేయగలరు. ఫార్మాట్ చేయొద్దు.

డయాగ్నస్టిక్ ల్యాబులు, నర్సింగ్ హోముల్లో పరీక్షలు చేసే ఎనలైజర్ యంత్రానికి కట్టిన కంప్యూటర్ ఉంటుంది, దాంట్లో ఏ సాఫ్ట్‌వేరూ వేయొద్దని యంత్రం కంపెనీ షరతు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్‌కి చిక్కినప్పుడు ఓపీ, ల్యాబ్ పనులు రోజుల తరబడి కాగితం మీదే నడిచాయి. ఇక్కడ ఎంపిక ఏ యాంటీవైరస్ అన్నది రెండో ప్రశ్న. ఆ యంత్రాలను వేరే నెట్‌వర్క్‌లో పెట్టడం మొదటిది. కంప్యూటర్లలో జరిగేదంతా గమనిస్తూ, రాత్రీ పగలూ మనుషులు చూసే ఈడీఆర్ సేవకు డబ్బు పెట్టదగిన చోటు కూడా ఇదే.

దాడి జరిగితే ముందు నెట్‌వర్క్ వైరు పీకండి. బెదిరింపు నోటు, ఎన్‌క్రిప్ట్ అయిన ఒక ఫైలు దాచి, నో మోర్ రాన్సమ్ సైట్‌లో తాళంచెవి ఉందేమో వెతకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సంస్థలైతే తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి, ఇది 2022 ఏప్రిల్ ఆదేశం.

ఏది కొన్నా బ్యాకప్ డిస్కులు రెండు ఉండాలి, వారానికొకటి మార్చి వాడాలి, కాపీ అవగానే వైరు తీయాలి. తగిలించి వదిలేసిన డిస్క్ కూడా రాన్సమ్‌వేర్‌కి ఇంకో డ్రైవే. నెలకొకసారి ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి, టాలీలో కంపెనీని రిస్టోర్ చేసి తెరవండి. చివరి వోచరు నంబరు, తేదీ అసలు కంప్యూటర్లోని దానితో సరిచూసి, చూసిన తేదీ డిస్క్ మీద స్టిక్కర్‌పై రాయండి.